ఒకటే పొయ్యి

గురువమ్మ ఇల్లు వేరు పడలేదు. ఆ మాట గురువమ్మే చెబుతుంది గనక నమ్మాలి. నమ్మకపోతే ఆవిడతో వాదించాలి. మునగపాక చుట్టుపక్కల ఊళ్ళలో అందుకు సిద్ధపడ్డ మనిషి ఇంతవరకూ కనపడలేదు.

ఇంట్లో పొయ్యిలు మాత్రం రెండున్నాయి. వంటగదిలోని గ్యాసు పొయ్యి మీద పెద్దకోడలు ఉమాదేవి వండుతుంది. వెనకగదిలో కిటికీ పక్కనున్న కరెంటు పొయ్యి మీద చిన్నకోడలు ఇందు వండుతుంది. దీని వెనక పంచాయితీలూ లేవు, పెద్దమనుషులూ లేరు. ఇందు పుట్టిల్లు విశాఖపట్నం వన్ టౌను. మార్గశిర మాసంలో లక్ష్మివారాలు కనకమహాలక్ష్మి అమ్మవారికి పూజ చేసుకోవడం వాళ్ళింటి ఆచారం. ఆ నెలంతా నీచు ముట్టదు. ఉమాదేవి మొగుడు ఎర్రిబాబుకి నీచు లేకపోతే ముద్ద దిగదు. పోయిన మార్గశిరంలో ఒక లక్ష్మివారం పొద్దున్నే ఉమాదేవి, అప్పటికి ఇంట్లో ఉన్న ఒక్క గ్యాసు పొయ్యి మీద ఎండు నెత్తళ్ళు వేయించింది. పరమాన్నం వండుదామని పాలగిన్నె పట్టుకొచ్చిన ఇందు గుమ్మంలోనే నిలబడిపోయింది.

"మరిసిపోయేను" అంది ఉమాదేవి.

"మరిచిపోతావులే అక్కా" అంది ఇందు.

జరిగిన తగువంతా అంతే. మర్నాడు చిన్నకొడుకు కృష్ణబాబు అనకాపల్లి వెళ్ళి, ఈ ఒక్క నెలకేనంటూ కరెంటు పొయ్యి కొనుక్కొచ్చాడు. నెల అయిపోయింది. నూకాలమ్మ జాతర కూడా అయిపోయింది. ఆషాఢం వచ్చింది. పొయ్యి అక్కడే ఉండిపోయింది. తోడికోడళ్ళిద్దరూ ఆ రోజు నుంచి పోట్లాడుకున్నది లేదు, మాట్లాడుకున్నదీ లేదు. నీళ్ళ మోటారు వెయ్యమని చెప్పాలన్నా, గ్యాసు బండవాడు వచ్చాడని చెప్పాలన్నా మధ్యలో అత్తగారు ఉండాల్సిందే. వాళ్ళ కబుర్లు మోసుకుని ఆ గదికీ ఈ గదికీ తిరగలేక గురువమ్మకి మోకాళ్ళు పట్టేస్తున్నాయి.

అయినా సరే, వేరు పడ్డామన్న మాట ఎవరి నోటా రాలేదు. రాకుండా గురువమ్మ కాపలా కాస్తోంది. దానికి కారణం ఎదురింట్లో ఉంది. ఎదురింటి అప్పలనర్సమ్మ గురువమ్మకి తోడికోడలు, మరిది పెళ్ళాం. ఆవిడ కొడుకులిద్దరూ వేరు పడినప్పుడు గురువమ్మ వీధిలో నిలబడి, నలుగురూ వినేలా, "కోడళ్ళని ఏలుకోడం రానోళ్ళకి అత్తరికం ఎందుకో" అంది. అనవలసిన మాట కాదు. అనేసింది. ఇప్పుడు ఆ మాట వీధి దాటి తన గుమ్మంలోకి రాకుండా చూసుకోవాలి.

ఇందులో అన్నిటికంటే పెద్ద చిక్కు రాత్రి భోజనం. పొద్దున్న ఉమాదేవి దగ్గర చోడి అంబలి తాగుతుంది. మధ్యాహ్నం ఇందు దగ్గర అన్నం తింటుంది. ఈ రెండు పూటలా కొడుకులు ఇంట్లో ఉండరు. పెద్దవాడు పరవాడలో కంపెనీకి, చిన్నవాడు చెరుకు తోటకి. రాత్రికి మాత్రం ఇద్దరూ ఇంటికొస్తారు. తల్లి ఎవరి దగ్గర కంచం పెట్టుకుని కూర్చుంటే వాళ్ళదే ఇల్లు, రెండోవాడు బయటివాడు అయిపోతాడు. అందుకని గురువమ్మ ఒక ఉపాయం ఆలోచించింది. ఉమాదేవి పిలిస్తే "ఇందు దగ్గర తినేసేనే" అంటుంది. ఇందు పిలిస్తే "ఉమ పెట్టేసిందమ్మా" అంటుంది. గుప్పెడు అటుకులు, చిన్న బెల్లం ముక్క నోట్లో వేసుకుని, చెంబెడు నీళ్ళు తాగి పడుకుంటుంది. ముసలాళ్ళకి రాత్రి తిండి మంచిది కాదని టీవీలో ఎవరో డాక్టరు చెప్పాడు కూడా. ఆకలేస్తే ఆ డాక్టర్ని తలుచుకునేది. ఆకలి రోజూ వేసేది.

సర్వే పిల్ల వచ్చేసరికి పరిస్థితి ఇదీ.

ఆ పిల్ల పేరు పావని. అనకాపల్లి టౌనులో ఉంటుంది, స్కూటీ మీద తిరుగుతుంది. ఏదో యూనివర్సిటీ వాళ్ళు ఈ ఊళ్ళో కొన్ని ఇళ్ళు ఎంచుకుని, కొన్నేళ్ళకోసారి మళ్ళీ మళ్ళీ ఆ ఇళ్ళకే వచ్చి ఏం తింటున్నారు, ఏం పని చేస్తున్నారు, ఎవరికి జబ్బు చేసింది అని అడిగి వెళుతుంటారు. పావని ఈ ఇంటికి రావడం ఇది మూడోసారి. గురువమ్మకి ఆ పిల్లంటే ఇష్టం. ఇంత ఓపిగ్గా కూర్చుని, మధ్యలో ఫోను చూసుకోకుండా మన మాట వినేవాళ్ళు ఈ రోజుల్లో ఎవరున్నారు?

అయితే ఈసారి పావని ముందు ఎదురింటికి వెళ్ళొచ్చింది. అప్పలనర్సమ్మ ఇంటి తలుపుల మీద పసుపుపచ్చ నంబరు స్టిక్కర్లు కొత్తగా మెరుస్తున్నాయి. పెద్దకొడుకు వాటా తలుపుకి ఒకటి, చిన్నకొడుకు వాటా తలుపుకి ఒకటి. అప్పలనర్సమ్మ అరుగు మీద చేరగిలబడి ఇటే చూస్తోంది. ఈ గుమ్మానికి ఎన్ని అంటుకుంటాయో చూడకుండా ఆవిడ లోపలికి వెళ్ళేలా లేదు.

"బాగున్నారా మామ్మగారూ? ఈసారి కూడా మీ ఇంటిని రాసుకోవాలి" అంది పావని, టాబ్ తీసి ఒళ్ళో పెట్టుకుంటూ. "ముందు ఒక మాట చెప్పండి. మా లెక్కలో ఇల్లంటే గోడలూ తలుపులూ కాదు. ఒకే పొయ్యి మీద వండుకుని తినేవాళ్ళంతా ఒక ఇల్లు. పొయ్యిలు వేరైతే ఇళ్ళు వేరు. పోయినసారి మీ అందరికీ ఒకటే పొయ్యి. ఇప్పుడూ అంతేనా?"

"ఒకటే" అంది గురువమ్మ.

"అందరికీ కలిపి ఒకటేనా?"

"ఒకటేనని సెప్పేను కదేటి? మజ్జిగ తెత్తానుండు తల్లీ."

మజ్జిగ మిషతో లోపలికి వెళ్ళి, వంటగదిలో ఉమాదేవి చెవిలో ఊదింది. "ఆ పిల్ల అడిగితే ఒకటే పొయ్యని సెప్పు. ఎదురింటిది కళ్ళల్లో ఒత్తులేసుకుని కూకుంది." అదే ఊపులో వెనకగదికి వెళ్ళి ఇందుకీ అదే చెప్పింది. కరెంటు పొయ్యి మీద తుండుగుడ్డ కప్పి, దాని మీద చేట బోర్లించింది. కోడళ్ళిద్దరూ చిత్రంగా మారుమాట్లాడకుండా ఒప్పుకున్నారు. అప్పలనర్సమ్మ నోటికి భయపడడంలో ఆ ఇంట్లో ఎప్పుడూ భేదాభిప్రాయాల్లేవు.

అబద్ధం చెప్పడం తేలిక. దాన్ని కూర్చోబెట్టి అన్నం పెట్టడమే కష్టం. ఆ సంగతి పావని ప్రశ్నలు మొదలుపెట్టాక గానీ గురువమ్మకి తెలిసిరాలేదు.

"వంట ఎవరు చేస్తారు?" అంది పావని.

"ఇద్దరూ" అంది గురువమ్మ.

"అయితే ఇద్దర్నీ పిలవండి. పోయిన వారం ఇంట్లో ఏమేం వాడేరో చెప్పాలి."

ఉమాదేవి వచ్చి అరుగుకి ఈ చివర, ఇందు వచ్చి ఆ చివర కూర్చున్నారు. మధ్యలో గురువమ్మ. ఎదురుగా కుర్చీలో పావని.

"నూనె ఎంత అయ్యిందండీ?"

"లీటరు" అంది ఉమాదేవి.

"ముప్పావు" అంది ఇందు, సరిగ్గా అదే క్షణంలో.

పావని తలెత్తింది. "లీటరా, ముప్పావా?"

"రెండూ కలుపు" అంది గురువమ్మ.

"కలపడమేంటి మామ్మా? ఇంట్లో ఒకటే నూనె కదా?"

"ఒకటి వేపుళ్ళకి, ఒకటి తాలింపులకి."

పావని కలిపి రాసింది. కందిపప్పు దగ్గరా అంతే, చింతపండు దగ్గరా అంతే. ఉప్పు పాకెట్టు ఒకటి ఇప్పుడే విప్పామని ఉమాదేవి, లేదు మొన్ననే అయిపోయిందని ఇందు. ఒకటి కల్లుప్పు, ఒకటి మెత్తటి ఉప్పు అని గురువమ్మ సర్దింది. ఇంతలో టాబ్ మీద ఎర్రటి అక్షరాలు వచ్చాయి. పావని వాటిని రెండుసార్లు చదువుకుంది.

"ఇంత మందికి ఇంత నూనె ఎక్కువని, మళ్ళీ అడిగి కనుక్కోమని అంటోంది మామ్మా ఇది."

"మా వోళ్ళు నూనె బాగా తింతారు. రాసుకోమను."

ఇందుకి నవ్వొచ్చింది. ఆపుకుందామని తల తిప్పుకుంటే ఉమాదేవి మొహం కనపడింది. ఆవిడ కూడా కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఉంది. ఇద్దరూ ఒకళ్ళనొకళ్ళు చూసుకుని, మళ్ళీ చెరో పక్కకీ తిరిగిపోయారు. అయితే తర్వాత ప్రశ్నకి ఉమాదేవి జవాబు చెప్పకుండా ఇందు వైపు చూసి, "కూరగాయలు నువ్వు సెప్పు, నాను పాలూ పెరుగూ సెప్తాను" అంది. ఇన్ని నెలల తర్వాత సూటిగా అన్న మొదటి మాట అది. "సరే అక్కా" అంది ఇందు. అక్కడ్నించి ఇద్దరూ గుసగుసగా లెక్కలు కూడుకుని ఒకే అంకె చెప్పడం మొదలుపెట్టారు. పంచదార దగ్గర ఉమాదేవి తప్పితే ఇందు సర్దింది. గుడ్ల దగ్గర ఇందు తడబడితే ఉమాదేవి అందుకుంది.

గురువమ్మకి పట్టరాని సంతోషం వచ్చింది. ఇన్నాళ్ళూ ఎన్ని మొక్కులు మొక్కినా కలవని మాటలు ఈ పిల్ల ప్రశ్నల వల్ల కలిశాయి. నిజంగానే ఒకటే పొయ్యేమోనని ఆవిడకే అనిపించింది. ఎదురింటి వైపు ఒకసారి గర్వంగా చూసింది కూడా.

"ఇంటి లెక్క అయిపోయింది" అంది పావని. "ఇప్పుడు మనిషి మనిషికీ అడగాలి. నిన్న పొద్దున్న, మధ్యాహ్నం, రాత్రి ఏం తిన్నారో."

"అదేటి? ఇప్పుడంతా సెప్పేం కదా" అంది గురువమ్మ. ఈ ప్రశ్న పోయినసార్లు లేదు.

"చెప్పేరు మామ్మా. కానీ ఇంటి మొత్తంగా అడిగితే తిండి ఒకలా తేలుతోందట, మనిషి మనిషినీ అడిగితే ఇంకోలా తేలుతోందట. ఇంట్లోకి వచ్చింది అందరి కంచాల్లోకీ వెళ్తోందా లేదా అని యూనివర్సిటీలో మా పెద్దవాళ్ళకి అనుమానం. అందుకని ఈసారి రెండు రకాలుగానూ అడగమన్నారు."

అనుమానాలకి ఇంతకంటే మంచి చోటు దొరకలేదా వాళ్ళకి, అనుకుంది గురువమ్మ. అంతవరకూ హాయిగా ఉన్న ప్రాణం ఉసూరుమంది.

"ముందు మీరే చెప్పండి మామ్మా. నిన్న పొద్దున్న?"

"సోడి అంబలి."

"మధ్యాహ్నం?"

"అన్నం, తోటకూర పప్పు, మజ్జిగ."

"రాత్రి?"

"తిన్నాను."

"ఏం తిన్నారు?"

నిన్న రాత్రి ఈ ఇంట్లో ఏం వండారో గురువమ్మకి తెలీదు. రెండు గదుల తలుపులూ వేసి ఉన్నాయి, ఆవిడ వసారాలో మంచం మీద గోడవైపు తిరిగి పడుకుంది. పులుసు వాసన ఏదో వచ్చినట్టే ఉంది. ఆకలి మీదున్న ముక్కుకి అన్నీ పులుసు వాసనలాగే ఉంటాయి. ఏ ఇంట్లో అయినా ఉండేది చారు కదా అని ధైర్యం చేసింది.

"సారన్నం" అంది. "మిరియాల సారు."

పావని రాసుకుంటోంది. ఉమాదేవి ఇందు వైపు తిరిగింది. వంకపెట్టే ఉద్దేశం లేదు, మామూలుగానే అడిగింది. "నిన్న సారెట్టేవా?"

"లేదక్కా. నేను కోడిగుడ్డు కూర చేసేను. నువ్వు పెట్టేవనుకున్నాను."

"నాను వంకాయ పులుసు. సారెక్కడ?"

రెండు కూరల పేర్లు బయటికొచ్చేసరికి పొయ్యిల సంగతి బయటపడిపోయింది. కానీ ఆ సంగతి ఆ క్షణాన ఎవరికీ పట్టలేదు. పావని చెయ్యి టాబ్ మీద ఆగిపోయింది. ఇందు అత్తగారి మొహంలోకి చూసింది.

"అత్తా, నిన్న రాత్రి అక్క పెట్టిందన్నావు."

"నాతో ఇందు దగ్గర తిన్నానన్నాది" అంది ఉమాదేవి. అంటూండగానే అత్తగారి వైపు తిరిగింది. "మొన్న రాత్రి కూడా అదే అన్నాది. మరి మొన్న ఏటి తిన్నావత్తా?"

గురువమ్మ కొంగు చివర మడతలు పెట్టసాగింది.

"అటుమొన్న?"

"టీవీలో డాక్టరు సెప్పేడు" అని మొదలుపెట్టింది గురువమ్మ. ఆ డాక్టరు ఇక్కడ అక్కరకు రాలేదు. ఉమాదేవి చప్పున లేచి నిలబడింది. ఇందు కూర్చున్నచోటే మొహం రెండు చేతుల్లోనూ పెట్టుకుంది. కోడళ్ళ ముందు ఇంత సిగ్గుపడాల్సి వస్తుందని గురువమ్మ కలలో కూడా అనుకోలేదు. దొంగతనం చేసి దొరికినా ఇంత నామోషీగా ఉండేది కాదు. తన కడుపు తను మాడ్చుకుని దొరికిపోయింది.

"రెండు పొయ్యిలమ్మా పావనీ" అంది ఉమాదేవి. "అత్త అబద్ధం సెప్పింది, మేవూ సెప్పేం. కొట్టెయ్యి అదంతా. రెండిళ్ళని రాసుకో. అత్తని మా ఇంట్లో రాయి. ఇయ్యాల్టి నుంచి రాత్రి నా దగ్గరే తింతాది."

"అదేంటక్కా? మధ్యాహ్నం అన్నం నా దగ్గరే కదా తింటంది. అంబలి కంటే అన్నమే కదా లెక్క? మా ఇంట్లోనే రాయాలి" అంది ఇందు, కళ్ళు తుడుచుకుంటూ.

"నువ్వు రాత్రి ఒకపాలి వచ్చి సూసేవా, తిన్నాదో నేదో?"

"నువ్వు చూసేవా?"

ఇందాక నూనె దగ్గర కలిసిన మాటలు ఇక్కడ మళ్ళీ తెగేలా ఉన్నాయి. ఇద్దరూ పావని వైపు తిరిగారు, ఆ పిల్లే తీర్పు చెప్పాలన్నట్టు. పావని నిజంగా ఇబ్బంది పడింది.

"ఒక మనిషిని ఒక ఇంట్లోనే రాయాలండి" అంది మెల్లగా. "రెండిళ్ళలో రాస్తే మామ్మగారు ఇద్దరైపోతారు. రెండిళ్ళవాళ్ళూ మా దగ్గర కాదనుకుంటే అసలు మనిషే లేనట్టు అయిపోతుంది. అలాంటివాళ్ళు ఎంతమంది ఉంటారో మా లెక్కల్లో ఎప్పటికీ తేలదు."

ఆ పిల్ల తన పని గురించి చెప్పింది, అంతకుమించి ఏమీ అనలేదు. కానీ గురువమ్మకి ఆ మాట సూటిగా వచ్చి తగిలింది. మనిషే లేనట్టు. రోజూ రాత్రి వసారాలో తను పడుకున్న తీరు అదే. ఇంటిని ఒక్కటిగా ఉంచుతున్నాననుకుంది. ఇల్లు ఎప్పుడో రెండైపోయింది, రెండిట్లోనూ తను లేకుండా పోయింది. ఇప్పుడు వీళ్ళు మా ఇంట్లో అంటే మా ఇంట్లో అని లాక్కుంటుంటే, గోడలూ గొడ్లూ పంచుకునేటప్పుడు మాట్లాడినట్టే ఉంది. గురువమ్మకి ఏడుపొచ్చింది. దాని వెనకే కోపం వచ్చింది. కోపం వెనక, ఇన్నాళ్ళూ నీళ్ళు పోసి అణిచిపెట్టిన ఆకలంతా ఒక్కసారి లేచింది.

"నన్ను ఇద్దరి దగ్గరా రాయకు తల్లీ" అంది. "మూడిళ్ళు రాయి."

"మామ్మా, వేరే ఇల్లని రాయాలంటే మీరు వేరే వండుకోవాలి."

"వండుకుంతాను."

"ఎప్పట్నించి?"

"ఇయ్యాల్టి నుంచి. ఏం, నాకు సేతులు నేవా? పెళ్ళై వచ్చిన్నాటి నుంచి ఈ ఇంటికి నానే కదా వండేను."

పావని తల అడ్డంగా ఊపింది. "జరిగినదే రాయాలి మామ్మా, జరగబోయేది రాయకూడదు. ఇంకా అడగాల్సినవి చాలా ఉన్నాయి. రేపు పొద్దున్న వస్తాను, అప్పుడు రాస్తాను" అని టాబ్ సంచిలో పెట్టుకుని లేచింది. తలుపు మీద ఒక్క స్టిక్కరు కూడా అంటించకుండా వెళ్ళిపోయింది. ఎదురరుగు మీద అప్పలనర్సమ్మ మెడ ఇంకాస్త సాగింది.

సాయంత్రం గురువమ్మ పెరట్లోంచి మూడు ఇటికలు మోసుకొచ్చి వాకిట్లో పెట్టింది. పెరట్లోనే పెట్టుకోవచ్చు. పెరట్లో పెడితే ఎవరికి కనపడుతుంది? దాచిపెట్టి దాచిపెట్టి ఆవిడకి విసుగొచ్చేసింది. ఎండు చెరుకాకు, రెండు కొబ్బరి మట్టలు తెచ్చి పొయ్యి రాజేసింది. పొగ వీధిలోకి తిరిగింది. ఉమాదేవి గుమ్మంలో నిలబడి "అత్తా, పరువు పోతాది, లోపలికి రా" అని బతిమాలింది. ఇందు చెంబుతో నీళ్ళు పట్టుకొచ్చి ఏం చెయ్యాలో తెలీక అలాగే నిలబడింది. గురువమ్మ ఆ చెంబు అందుకుని ఎసరు పెట్టింది.

"ఏటక్కా, వాకిట్లో పొయ్యెట్టేవు? ఏదైనా కార్యమా?" అని ఎదురరుగు మీంచి కేకేసింది అప్పలనర్సమ్మ.

గురువమ్మ లేచి నిలబడింది. ఇన్ని నెలలూ నోటికి తాళం వేసి దాచుకున్న మాటని నలుగురూ వినేలా తనే చెప్పింది. "కార్యం నేదు, ఏటీ నేదు. మా ఇల్లు వేరు పడిపోనాదే అప్పలనర్సా. మూడైపోనాది. నీకంటే ఒకటెక్కువే."

ఇక నవ్వుతుందని ఎదురుచూసింది. అప్పట్లో తను అన్న మాట తిరిగి తన మొహాన కొడుతుందని, కొడితే పడదామని సిద్ధపడే నిలబడింది. అప్పలనర్సమ్మ నవ్వలేదు. చాలాసేపు ఆ పొయ్యి వైపే చూసింది. పెద్దకొడుకు వాటా వైపు ఒకసారి, చిన్నకొడుకు వాటా వైపు ఒకసారి చూసింది. తర్వాత అరుగు దిగి వీధి దాటి దగ్గరికొచ్చి, గొంతు తగ్గించి అడిగింది.

"ఇటికలు ఇంకా ఉన్నాయేటక్కా?"

గురువమ్మకి ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక తోడికోడలి మొహంలోకి సరిగా చూసింది. తనలాగే చాలా చిక్కిపోయి ఉంది. ఎదురెదురు ఇళ్ళలో ఉంటూ, రోజూ ఒకళ్ళనొకళ్ళు కనిపెట్టుకుని చూస్తూ, ఈ చిక్కిపోవడాన్ని మాత్రం చూడలేదు. వీధిలో నిలబడి తను అన్న మాట గురువమ్మకి గుర్తొచ్చింది.

"పెరట్లో బోల్డున్నాయి. తీసుకెల్లు" అంది. తర్వాత, "ఇయ్యాల్టికి ఇక్కడ కూకో" అని ఇంకో గుప్పెడు బియ్యం ఎసట్లో పోసింది.

కృష్ణబాబు తోటలోంచి వచ్చి వాకిట్లో పొగ చూసి కంగారు పడ్డాడు. "ఏటమ్మా ఇది? ఊరంతా సూత్తన్నారు."

"సూడనీ" అంది గురువమ్మ.

వెనకే కంపెనీ బస్సు దిగి ఎర్రిబాబు వచ్చాడు. పెళ్ళాలు జరిగింది చెబుతుంటే అన్నదమ్ములిద్దరూ తలలు వంచుకుని విన్నారు. వసారాలో పడుకునే తల్లి తిన్నదీ లేనిదీ ఇద్దరికీ తెలీదు. ఎర్రిబాబు కొబ్బరి మట్ట ఒకటి విరిచి పొయ్యిలో పెట్టబోయాడు. తల్లి చెయ్యి అడ్డం పెట్టింది.

"నా పొయ్యి నాను సూసుకుంతాను. నువ్వు ఎల్లి స్నానం సెయ్యి."

అన్నం ఉడికే వేళకి ఉమాదేవి గిన్నెతో కూర పట్టుకొచ్చింది. ఆవిడ వెనకే ఇందు కూడా ఇంకో గిన్నెతో వచ్చింది. ఇద్దరూ పొయ్యికి చెరో పక్కనా నిలబడ్డారు. గురువమ్మ రెండు గిన్నెల్లోకీ తొంగిచూసి, వద్దనలేదు, రమ్మనలేదు. "అక్కడెట్టండి" అంది. పెట్టారు గానీ ఇద్దరూ కదల్లేదు. అరుగు మీద కూర్చుని, అత్తగారు ఎంత మొండిదో ఒకళ్ళకొకళ్ళు చెప్పుకోవడం మొదలుపెట్టారు. ఆ విషయంలో ఇద్దరి మాటా ఒకటే కావడంతో చాలాసేపు మాట్లాడుకున్నారు.

మర్నాడు పొద్దున్న పావని అన్నమాట ప్రకారం వచ్చింది. వాకిట్లో మూడు ఇటికలూ, చల్లారిన బూడిదా చూసింది. ఏమీ అడక్కుండా కుర్చీ లాక్కుని కూర్చుని, టాబ్ తెరిచి, ముందురోజు ఆగిపోయిన చోటికి వెళ్ళింది.

"నిన్న రాత్రి ఏం తిన్నారు మామ్మగారూ?"

గురువమ్మ కాళ్ళు చాపుకుని సర్దుకు కూర్చుంది. తొందరపడలేదు.

"అన్నం" అంది. "యేడి యేడన్నం. పెద్దకోడలు బెండకాయ ఏపుడు తెచ్చింది, అది సగం తిన్నాను. సిన్నకోడలు సొరకాయ పప్పు తెచ్చింది, అదీ తిన్నాను, కొంచం ఉప్పెక్కువైంది గానీ బాగానే ఉన్నాది. పక్కన మా అప్పలనర్సు కూకుంది. మజ్జిగ పోసుకున్నాను."

పావని రాసుకుంటూ తల ఊపింది. "అంతేనా మామ్మా?"

"అంతే" అంది గురువమ్మ. వెంటనే ఏదో గుర్తొచ్చినట్టు ముందుకి వంగి, రాస్తున్న ఆ పిల్ల చేతి మీద చెయ్యేసింది.

"రెండోపాలి కూడా పెట్టుకున్నానమ్మా. అది కూడా రాయి."